తలుపు మూయడం సరే, తెరవడం సంగతేమిటి? రైల్వే మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రైల్వే మంత్రిగారికి,

2025 జూన్ 9న ముంబై శివార్లలోని ముంబ్రా దగ్గర లోకల్ రైళ్ల నుంచి జారిపడి ప్రయాణికులు చనిపోయాక, కొత్త నాన్-ఏసీ లోకళ్లకు కూడా ఆటోమేటిక్ తలుపులు పెడతామని మీ శాఖ ప్రకటించింది. తలుపులకు గాలి ఆడే లూవర్లు (సందులున్న పలకలు), కప్పు మీద వెంటిలేటర్లు, బోగీ నుంచి బోగీకి దారి ఉంటాయన్నారు. మంచి నిర్ణయం. 2003 నుంచి నడుస్తున్న మన హైదరాబాద్ ఎంఎంటీఎస్‌కూ ఇలాంటివే రావాలి. కాకపోతే మూసిన తలుపును అవసరం పడ్డప్పుడు ఎవరు, ఎలా తెరవాలన్నది జపాన్ రెండు ఘోరాల తర్వాత గానీ నేర్చుకోలేదు.

అక్కడి 63 సిరీస్ లోకల్ 1944లో, యుద్ధకాలపు కరువులో పుట్టింది. 20 మీటర్ల బోగీకి పక్కకు నాలుగేసి తలుపులు. ఆ ఆలోచన ఎంత గట్టిదంటే టోక్యో లోకళ్లు ఎక్కువగా ఇప్పటికీ ఆ లెక్కమీదే ఉన్నాయి. మిగతాదంతా పొదుపే. కప్పు చెక్కది. పెద్ద అద్దాలు దొరక్క కిటికీని మూడు అడ్డపలకలుగా చేశారు. పైదీ కిందిదీ కదులుతాయి, నడిమిది కదలదు. గాలి వస్తుంది, మనిషి పట్టడు.

1951 ఏప్రిల్ 24న యోకొహామాలోని సకురగిచో స్టేషన్‌లో పైనున్న కరెంటు తీగల ఇన్సులేటర్లు మారుస్తుండగా స్పానర్ జారి షార్ట్ అయింది. తీగ తెగి వేలాడింది. అప్పుడే వస్తున్న రైలు మొదటి బోగీ పాంటోగ్రాఫ్ (తీగ నుంచి కరెంటు అందుకునే చట్రం) అందులో చిక్కుకుని, మెరుపులు లేచి కప్పు అంటుకుంది. అది 1,500 వోల్టుల డీసీ. దూరంలో జరిగిన షార్ట్ సబ్‌స్టేషన్‌కు రైలు లాగే మామూలు కరెంటులాగే కనిపించవచ్చు, అందుకే ఒకవైపు సరఫరా కొన్ని నిమిషాలు ఆగలేదు. (మన 25,000 వోల్టుల ఏసీ కరెంటులో ఫాల్ట్‌ను పసిగట్టడం తేలిక, ఆ మేరకు నయమే.) తలుపులు గాలి ఒత్తిడితో బిగుసుకుని ఉన్నాయి. ఆ గాలిని వదిలేసే కాక్ (చేత్తో తిప్పే వాల్వు) సీటు కింద ఉంది. అది అక్కడుందని ప్రయాణికులకు చెప్పే బోర్డు మాత్రం లేదు. బోగీ చివరి తలుపు లోపలికి తెరుచుకునే రకం. వెనక జనం తోసుకొస్తుంటే దాన్ని లాగేదెవరు? 106 మంది చనిపోయారు.

ఆ తర్వాత 63 బోగీల కిటికీలు మార్చారు, బోగీల మధ్య దారులు పెట్టారు, కాక్ ఎక్కడుందో రాశారు, నంబరు కూడా 73గా మార్చేశారు. 1957 నాటి 101 సిరీస్‌కు వచ్చేసరికి మీటరు వెడల్పు ఒంటి రెక్క తలుపు పోయి, రెండు రెక్కలతో 1.3 మీటర్ల తలుపు వచ్చింది. ఇద్దరు పక్కపక్కనే దిగొచ్చు, ఒక్కో రెక్క కదలాల్సిన దూరమూ తగ్గుతుంది. ముంబైలో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ఒక్క సంచి పట్టి తలుపు పూర్తిగా పడకపోయినా, తలుపులన్నీ పడితేనే రైలును కదలనిచ్చే ఇంటర్‌లాక్ రైలు మోటార్లకు కరెంటు ఇవ్వదు, రైలు కదలదు, వెనక రైళ్లన్నీ ఆగిపోతాయి. ఇరుకు తలుపుకు మోటారు బిగిస్తే టైంటేబుల్ గాలికి పోయినట్టే.

ఇక రెండోది. 1962 మే 3 రాత్రి టోక్యోలోని మికవషిమా దగ్గర సిగ్నల్ దాటిన గూడ్సును లోకల్ ఢీకొని పట్టాలు తప్పింది. సకురగిచో పాఠం ఒంటబట్టిన జనం కాక్ తిప్పి, తలుపులు తీసుకుని పట్టాల మీదికి దిగారు. ఆరేడు నిమిషాల తర్వాత పక్క లైన్లో ఎదురుగా వచ్చే లోకల్‌ను ఎవరూ ఆపలేదు. 160 మంది పోయారు. జపాన్ జాతీయ రైల్వే తన లైన్లన్నిటికీ ఎర్ర సిగ్నల్ దగ్గర రైలును ఆపే ఆటోమేటిక్ స్టాప్ వ్యవస్థను 1966 కల్లా బిగించింది.

కాబట్టి మా విన్నపాలు ఇవి. కాక్ సీటు కింద వద్దు, కిక్కిరిసిన బోగీలో అక్కడికి చెయ్యి పోదు. తలుపు పక్కనే, నిలబడ్డవాళ్ల భుజం ఎత్తులో ఉండాలి. బొమ్మతోపాటు స్థానిక భాషలో, అంటే సికింద్రాబాద్‌లో తెలుగు, ఉర్దూ, హిందీలో రాయించండి. బోగీ చివర పక్కకు జరిగే తలుపే పెట్టండి. లేడీస్, ఫస్ట్ క్లాస్ అడ్డుగోడల దగ్గర దారి తెగిపోకూడదు. కిటికీ ఊచల్లో కొన్నయినా లోపలి నుంచి ఊడేలా ఉండాలి. తీగలో కరెంటు పోయినా వెంటిలేటర్లు బ్యాటరీ మీద తిరగాలి, లూవర్ల గాలి ఒక్కటే నిండు బోగీకి సరిపోతుందని అనుకోవద్దు.

కాక్ తిప్పగానే మోటార్‌మ్యాన్‌కు, గార్డు అనే ట్రైన్ మేనేజర్‌కు తెలియడంతోపాటు పక్క లైన్ల రైళ్లూ ఆగాలి. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద మధ్య మీరే ఇంజన్‌లో ఉండి పరీక్షించిన, రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్‌లో చుట్టుపక్కల రైళ్లకు ప్రమాద సంకేతం పంపే ఎస్ఓఎస్ సదుపాయం ఉంది. కాక్‌ను దానికి కలపండి.

మొదటి కొత్త రైలు రేక్‌ను నిండా జనంతో నింపి, కరెంటు తీసేసి, స్టేషన్‌కు దూరంగా ఆపి, ఎన్ని నిమిషాల్లో ఖాళీ అయిందో లెక్కకట్టండి. ఆ లెక్క మాకూ చూపించండి.

ఇట్లు,
లోకల్ రైళ్ల నిర్మాణాన్ని గమనిస్తున్నవాళ్లం