పదహారు కోర్లు ఎందుకురా మావా

సింగ్‌నగర్, విజయవాడ
ఆదివారం మధ్యాహ్నం

ఏరా మావా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన కొత్త గేమింగ్ కంప్యూటర్ కొటేషన్ చూశాను. ఫోన్ చేసి చెబుదామనుకున్నా గానీ, ఫోన్లో నువ్వు నన్ను ఒక్క మాట పూర్తి చేయనివ్వవు. ఉత్తరానికైతే అడ్డు తగల్లేవు కాబట్టి కూర్చుని రాస్తున్నా.

పైన ప్రాసెసర్ ఏమో పదహారు కోర్ల (అంటే లోపల పదహారు లెక్కలు కట్టే బుర్రలున్న) రైజెన్ 9 9950ఎక్స్3డీ, దానికి మూడు ఫ్యాన్ల లిక్విడ్ కూలర్. ఇంత హంగామా చూసి కిందికొస్తే గ్రాఫిక్స్ కార్డు ఆర్టీఎక్స్ 5060, 8 జీబీ. పెళ్లికొడుక్కి పట్టుపంచె కట్టి, ఊరేగడానికి డొక్కు సైకిలిచ్చినట్టుంది. ఇంతకీ ఏం ఆటలు ఆడతావో ఆ షాపులో చెప్పావా, లేక "మంచిది ఇవ్వండి" అని ఊరుకున్నావా? నీ సంగతి నాకు తెలుసులే.

అరియర్స్ పడిన ఊపులో ఉన్నావు. నిన్ను తిట్టే హక్కు నాకూ లేదు. 2023లో నేను సిస్టమ్ కొన్నప్పుడు ఒక షాపులో "ప్రాసెసర్ పెద్దది వేయించుకోండి సార్, పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అంటే బుర్ర ఊపేశా. డబ్బులన్నీ దానికే అయిపోయాయి. కార్డు దగ్గరికొచ్చేసరికి జేబులో మిగిలినదానికి ఏదొస్తే అది కొన్నా. పదేళ్లు కాదు కదా, రెండేళ్లు కూడా చూసుకోలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు మా వీధిలోకి వచ్చినప్పుడు, టేబుల్ కింద నేల మీదున్న క్యాబినెట్ నిండా మునిగింది. ఆ తర్వాత మళ్లీ అంత పెట్టే ఓపిక లేక, రైజెన్ 5 7600 వేయించి, ఉన్నదంతా ఆర్టీఎక్స్ 4070 మీద పెట్టా. మొత్తం కలిపితే పాతదానికంటే తక్కువే అయింది. అదే గది, అవే ఆటలు. కానీ ఆట మాత్రం పాతదానికంటే ఎంతో బాగుంది. అప్పుడు అర్థమైంది నాకు, ముందుసారి డబ్బులు ఎక్కడ పోశానో.

ఆటలో తెర మీద పడే ఒక్కో బొమ్మని ఫ్రేము అంటారు. ఒక్కో ఫ్రేముకి రెండు పనులుంటాయి. ఎవడు ఎక్కడున్నాడు, బంతి ఎటు పోయింది, తూటా ఎవడికి తగిలింది అని లెక్కగట్టి, "ఇదిగో, ఇది గీయి" అని చెప్పేది ప్రాసెసర్. గీసేది కార్డు. టిఫిన్ సెంటర్లో కౌంటర్ దగ్గర టోకెన్లు చింపే కుర్రాడు ప్రాసెసర్, పెనం దగ్గర దోశ మాస్టర్ కార్డు అనుకో. నువ్వు రిజల్యూషన్, అంటే తెర మీద చుక్కల లెక్క, పెంచడమంటే మామూలు దోశ మానేసి పెనమంత పేపర్ దోశ చెప్పడం. ఏ దోశకైనా టోకెన్ చింపడానికి పట్టేది ఒకటే టైం. ఆలస్యమంతా పెనం దగ్గరే. కౌంటర్లో ఇంకో పదిమందిని కూర్చోబెట్టినా నీ దోశ ముందు రాదు.

నువ్వు కొంటానంటున్న మానిటర్ 1440పీ. 1080పీలో తెర మీద 20.7 లక్షల చుక్కలుంటే, ఇందులో 36.9 లక్షలు. 4కే అయితే దాదాపు 83 లక్షలు. ఈ పెరిగిన చుక్కల బరువంతా కార్డు మీదే పడుతుంది, ప్రాసెసర్‌కి పని పెద్దగా మారదు. సెట్టింగ్స్ అన్నీ అల్ట్రాలో పెట్టి, కార్లేసుకుని ఊరంతా తిరిగే పెద్ద ఆటలు ఆడే నీకు, ఆ 5060 చెమటలు కక్కుతుంటే పదహారు కోర్లూ పక్కన కూర్చుని చూస్తుంటాయి.

నీకు నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్పనా? ఆ 9950ఎక్స్3డీలో ఎనిమిదేసి కోర్లున్న ముక్కలు రెండుంటాయి. ఆటలకి పనికొచ్చే ఎక్స్‌ట్రా క్యాష్ (చిప్పులోనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) వాటిలో ఒక్కదాని మీదే ఉంటుంది. అందుకే ఆట మొదలవగానే విండోస్, ఏఎండీ డ్రైవరు కలిసి రెండో ముక్కలోని ఎనిమిది కోర్లనీ పడుకోబెట్టడానికే చూస్తాయి. అంటే డబ్బిచ్చి కొని, జోకొట్టి నిద్రపుచ్చడం! అవి ఎడిటింగ్, 3డీ రెండరింగ్ చేసేవాళ్లకి నిజంగా బంగారం. నువ్వు చేసే ఎడిటింగ్ అంటావా, పాప పుట్టినరోజు వీడియోకి పాట అతికించడమేగా.

అలాగని ఖరీదైన ప్రాసెసర్లన్నీ దండగ అని నేననను. ఎనిమిది కోర్ల 7800ఎక్స్3డీ, 9800ఎక్స్3డీ ఉన్నాయి చూడు, అవి ఆటల కోసమే పుట్టాయి. నా 7600లో 32 ఎంబీ ఎల్3 క్యాష్ ఉంటే వాటిలో 96 ఎంబీ. వంటింట్లో పోపుల డబ్బా చేతికందేలా ఉన్నట్టు, మాటిమాటికీ ర్యామ్ దాకా పరిగెత్తే పని తగ్గుతుంది. మా బాబాయి కొడుకు వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 తప్ప ఇంకోటి ముట్టడు. 1080పీ, సెట్టింగ్స్ అన్నీ లో, సెకనుకి 240 ఫ్రేములు చూపించే 240 హెర్ట్జ్ మానిటర్. వాడికి ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్లలో రావాలి. చిన్న చిన్న దోశలు, పెనం మీద చకచకా అయిపోతాయి, అప్పుడు ఆలస్యం టోకెన్ దగ్గరే. వాడు అడిగితే ఎక్స్3డీ కొనుక్కోరా అనే చెప్తా. ఫ్లైట్ సిమ్యులేటర్ పిచ్చోళ్లకీ అంతే. నీకు సెకనుకి 60 ఫ్రేములు ఆగకుండా వస్తే చాలు, అంటే ఫ్రేముకి 16 మిల్లీసెకన్ల పైనే టైం ఉంది. ఆ పని ఆరు కోర్ల 7600 హాయిగా చేస్తుంది.

అయితే మరీ కిందికి దిగిపోకు. సగటు ఫ్రేములు బానే ఉన్నా మధ్యమధ్యలో టక్కున ఆగి కదులుతుందే, అది పాత నాలుగు కోర్ల చిప్పుల్లో మహా చిరాకు. పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ గేమ్ కన్సోళ్లలో ఉన్నది ఎనిమిది కోర్లే, అదీ 2020 నాటి సరుకు. ఆటలు తయారుచేసేవాళ్లు వాటిని దృష్టిలో పెట్టుకునే చేస్తారు కాబట్టి, ఇప్పటి కోర్లు ఆరుంటే నీకు సరిపోతాయి.

ఇక ఎండ. మే నెలలో మన దగ్గర గదిలో ఫ్యాన్ కింద కూర్చున్నా వేడిగాలే కదా. కూలర్ ఎంత పెద్దదైనా గదిలో గాలికంటే చల్లబరచలేదు. నా పాత సిస్టమ్ రోహిణి కార్తెలో హెయిర్ డ్రయ్యర్‌లా ఊదేది, మా అమ్మ "దాన్ని కట్టేయరా, ఇల్లు కాలిపోతోంది" అనేది. 7600 రేటింగ్ 65 వాట్లు, పెట్టెలోనే కూలర్ వస్తుంది, దానితోనే లాగిస్తున్నా. 9950ఎక్స్3డీ రేటింగ్ 170, కూలర్ వేరే కొనుక్కోవాలి. ఆటల్లో అంతా లాగదు గానీ, కూలర్ డబ్బులు మాత్రం ముందే పోతాయి.

రేపు సరిపోకపోతే అంటావు. ఏఎం5 బోర్డు తీసుకో. 7600 అయినా 9800ఎక్స్3డీ అయినా అదే సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు), బయోస్ (బోర్డులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి చిప్పు మార్చుకోవడమే. ఇంటెల్ కావాలంటే ఐ5 14400ఎఫ్ కూడా మంచిదే. పాత రకం డీడీఆర్4 ర్యామ్ తీసుకునే బోర్డులు దొరుకుతాయి కాబట్టి నీ పాత ర్యామ్ వాడుకోవచ్చు. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు ఎలా మండిపోతున్నాయో చూస్తున్నావుగా. కాకపోతే ఆ సాకెట్ కథ 14వ జనరేషన్‌తో ముగిసింది. పేరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు, కార్డు సర్వీసుకెళ్తే తెర మీద ఏమీ రాదు.

నా మాట నమ్మకపోతే ఇవాళ రాత్రే నీ పాత సిస్టమ్‌లో చూసుకో. నువ్వు ఎప్పుడూ ఆడే ఆట పెట్టి ఫ్రేములు ఎన్నొస్తున్నాయో రాసుకో. రిజల్యూషన్ ఒక్కటే 720పీకి దించి, అదే చోట మళ్లీ చూడు. ఫ్రేములు బాగా పెరిగితే అడ్డం పడేది కార్డు. కదలకుండా అక్కడే ఉంటే ప్రాసెసర్. రెండు నంబర్లూ నాకు పంపు. ఆ షాపుకి అడ్వాన్స్ మాత్రం అప్పటిదాకా ఇవ్వకు. వచ్చే ఆదివారం బ్రాడీపేటలో పొద్దున్నే బస్సెక్కేయ్, గవర్నర్‌పేటలో నాలుగు షాపులు తిరిగి కొత్త కొటేషన్ రాయిద్దాం. చెల్లెమ్మకి మాత్రం బడ్జెట్ తగ్గిందని అప్పుడే చెప్పకు, ఆ డబ్బులకి ఫ్రిజ్ వచ్చేస్తుంది.

నీ మావ

తా.క.: నా మెకానికల్ కీబోర్డు ఇంకా నీ దగ్గరే ఉంది. అడిగి తీసుకెళ్లి ఇవ్వలేదని అప్పట్లో తిట్టుకున్నా గానీ, వరదలో మిగిలిన నా వస్తువు అదొక్కటే. వచ్చేటప్పుడు పట్టుకురా.