చిప్స్ ప్యాకెట్ పిల్లిపిల్ల అయింది

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం సినిమా పేజీ మా ఇంట్లో అందరం చదువుతాం. కానీ యుద్ధం మీద తీసిన వ్యంగ్య సినిమాలను ‘టైంపాస్ కామెడీ’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు బాధేసింది.

పోయిన వారం మా చిన్నాయనతో కూర్చుని ‘వ్యాగ్ ది డాగ్’ చూశాను. 1997 సినిమా. ఎన్నికల ముందు అమెరికా అధ్యక్షుడు ఒక అమ్మాయి విషయంలో ఇరుక్కుంటే, జనం దృష్టి మళ్లించడానికి ఆయన మనుషులు హాలీవుడ్ నిర్మాతను పట్టుకుని అల్బేనియాతో లేని యుద్ధాన్ని టీవీలో పుట్టిస్తారు. స్టూడియోలో ఒక అమ్మాయికి చిప్స్ ప్యాకెట్ ఇచ్చి పరుగెత్తమంటారు, కంప్యూటర్లో ఆమె వెనక కాలిపోతున్న ఊరు పెడతారు, ప్యాకెట్ తీసేసి తెల్లటి పిల్లిపిల్లను పెడతారు, అదే వార్త అయిపోతుంది.

నేను నవ్వాను, చిన్నాయన నవ్వలేదు. 1990 ఆగస్టులో ఇరాక్ అధ్యక్షుడు సద్దాం సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు ఆయన అక్కడ డ్రైవర్. ఉన్నదంతా వదిలేసి బస్సులో జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానంలో వచ్చాడు. మన భారతీయులు దాదాపు 1,70,000 మంది అట్లా వచ్చినవాళ్లే. ఆ అక్టోబరులో పదిహేనేళ్ల కువైట్ అమ్మాయి ఒకరు, ఇరాక్ సైనికులు ఇంక్యుబేటర్లలోంచి పసిబిడ్డలను తీసి నేలమీద పడేశారని అమెరికాలో ఏడుస్తూ చెప్పింది. ఆమె అమెరికాలోని కువైట్ రాయబారి కూతురని 1992లో గానీ బయటికి రాలేదు. వెనక ఒక పీఆర్ కంపెనీ, అంటే డబ్బు తీసుకుని ప్రచారం చేసిపెట్టే కంపెనీ ఉంది, చెప్పినదానికి ఆధారం దొరకలేదు, అప్పటికి ఇరాక్ మీద అమెరికా చేసిన యుద్ధమూ అయిపోయింది. చిన్నాయన మాత్రం ఇన్నేళ్లూ అది నిజమనే నమ్మాడు. సద్దాం చేసింది దుర్మార్గమే, ఆయన కళ్లారా చూశాడు. అంత దుర్మార్గం కళ్ల ముందుండగా మళ్లీ ఒక అబద్ధం ఎందుకు కావాల్సి వచ్చింది అని నన్నడిగాడు, నేనేం చెప్పలేకపోయాను.

మన జిల్లా నుంచి ఇప్పటికీ ఎంతోమంది గల్ఫ్‌కు పోతున్నారు. అక్కడ యుద్ధమంటే ఇక్కడ ఇంటిల్లిపాదికీ టెన్షన్. అందుకే అడుగుతున్నా సార్, ఇలాంటి సినిమాల గురించి, వాటి వెనకున్న అసలు సంగతులతో సహా, ఒక ఆదివారం పూర్తి పేజీ ఇవ్వండి. యుద్ధం వార్త వేసినప్పుడల్లా అది ఎవరు చెప్పారో, కళ్లతో చూసినవాళ్లు ఉన్నారో లేదో కూడా పక్కనే వేయండి.

— ఒక పాఠకుడు, తిరుపతి