ప్లాటు కొనేముందు ఒకసారి వానల్లో రా బావా

ఒరే బావా,

ఎట్టుండావ్? చెల్లెమ్మా పిల్లలూ బాగుండారా? మొన్న నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నా. మా లేఅవుట్‌లో వెనక వరసలో ప్లాటు ఒకటి అమ్మకానికొచ్చిందంట, కొనమంటావా వద్దంటావా ఒక్క ముక్కలో చెప్పు అన్నావు. ఒక్క ముక్కలో తేలే సంగతి కాదురా ఇది, అందుకే ఇట్టా కూర్చోని రాస్తుండా. రాత్రి పది దాటింది, ఇంట్లో అందరూ పడుకున్నారు, వెనక కయ్యల్లో కప్పలు ఒకటే అరుపులు. నారు పోసే టైము కదా, కాలవకి నీళ్ళొదిలారు.

ముందు మా చోటెట్టుంటాదో చెప్తా. నువ్వు వచ్చింది గృహప్రవేశం నాడు ఒక్కసారే, అది కూడా భోజనం చేసి బండెక్కేశావు. ముత్తుకూరు రోడ్డులో హైవే దాటినాక లోపలికి ఒకటిన్నర కిలోమీటరు. ఉత్తరాల్లో, ఆధార్లో అంతా నెల్లూరనే ఉంటాది, కానీ ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మాత్రం అందరం "నెల్లూరికి పోయొస్తా" అనే అంటాం. అంటే మేం నెల్లూరోళ్ళమా కాదా అని మా చిన్నది అడిగింది ఒకరోజు, ఏం చెప్పాలో తెలీలా. ఊరు ఇంకా మా దాకా రాలా, పల్లె మమ్మల్ని ఇంకా పూర్తిగా కలుపుకోలా, మధ్యలో ఉండాం. నూటపది ప్లాట్లలో ఇళ్ళు లేచింది ముప్పై నాలుగు, మిగతా అన్నిట్లో చిల్లచెట్లు. తొమ్మిది దాటితే షేర్ ఆటో దొరకదు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, తాగేదానికి క్యాన్లే.

మీ హైదరాబాదులో గజాల లెక్క కదా, ఈడ అంకణాలు. ఎవరన్నా ముప్పై ఆరు అంకణాలు అంటే కంగారుపడబాక, అంకణానికి ఎనిమిది గజాలు వేసుకో, అంటే 288 గజాలు. మా ప్లాటు కూడా అంతే, ఆరు సెంట్లకి కొంచెం తక్కువ. తిరుపతి పక్కోళ్ళు అంకణం అంటే దీంట్లో సగమే, అందుకని బ్రోకర్ అంకణం రేటు చెప్తే ఏ అంకణమో తేల్చుకో.

ఈడ నాకు నచ్చింది చెప్పకపోతే తప్పవుతాది. తెల్లారుజామున మేడెక్కితే తూర్పున అంతా మాగాణి, మార్చిలో కోతలప్పుడు మిషన్ల ఎనకాల వందల కొంగలు వాలతాయి, తెల్లటి గుడ్డ పరిచినట్టుంటాది. ఈ సీజన్‌లో ఏమైనా ఎడగారు, అదే రెండో పంట, నాటుతారా అని మా వీధి వీధంతా కాలవ కాడ నిలబడి మాట్లాడుకుంటుంటారు, ఒక్కరికీ సెంటు పొలం లేకపోయినా. ఎకరాకి ఎన్ని పుట్లయ్యాయో మా ఆవిడకి కూడా నోటికొచ్చేసింది, పుట్టంటే ఎనిమిదొందల యాభై కిలోలని నాకు చెప్పింది తనే. మా పక్కింటోళ్ళు ఉదయగిరి నుంచి పిల్లల చదువుల కోసం వచ్చారు, ఎదురింటాయన వింజమూరు, ఆ చివర పోర్టులో పనిచేసేవాళ్ళు. అందరం ఎవరి ఊరు వాళ్ళు వదిలేసి వచ్చినోళ్ళమే, అందుకేనేమో త్వరగా దగ్గరయ్యాం. ఆదివారం ఏ ఇంట్లో చేపల పులుసు కాగినా సోమవారం పొద్దున గిన్నెలు అటూ ఇటూ తిరుగుతాయి, మర్నాటి పులుసుకే రుచి కదా.

ఇంతవరకు విని కొనేద్దాం అనుకుంటావేమో, ఆగు. అసలు సంగతి నీళ్ళు.

2021 ఫిబ్రవరిలో పాలు పొంగించాం, నవంబర్‌లో ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. ఆ వారం నీకు గుర్తుండే ఉంటాది, కడప పక్క చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, సోమశిల నుంచి ఐదు లక్షల క్యూసెక్కుల పైన వదిలారు, పడుగుపాడు కాడ రైలు పట్టాల కింద మట్టి కొట్టకపోయింది, హైవే కూడా కోసుకపొయ్యి ఎక్కడి బండ్లక్కడ ఆగిపోయినాయి. టీవీలో అంతా పెన్నానే చూపించారు. కానీ మా కాడికొచ్చింది పెన్నా నీళ్ళు కాదురా. మా మీద పడ్డ వానే, పోయే దారి లేక నిలిచిపోయింది. రాత్రి రెండింటప్పుడు అమ్మ లేపింది, మంచం దిగితే పాదాలు మునిగినాయి. తెల్లారేసరికి మోకాళ్ళ దాకా. కొత్త సోఫా పోయింది, ఫ్రిజ్ పోయింది, అవన్నీ ఎట్టోకట్టా కొనుక్కున్నాం. నాన్న డైరీలు కింది అరలో పెట్టుండా బావా, అవి మాత్రం ముద్దయిపోయినాయి. ఇప్పటికీ ఆ అర కాడికి పోతే చెయ్యి ఆగిపోతాది.

మూడు రోజులు నీళ్ళు కదల్లా. నాలుగో రోజు పక్క పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, ఒకప్పుడు ఈ నేలని కౌలుకి చేసినాయన. మా వీధి మొదట్లో నిలబడి చేత్తో గీత గీసినట్టు చూపించాడు, "ఇదిగో ఈడ నుంచి అటు మురుగుకాలవ ఉండేదయ్యా, పై కయ్యల నీళ్ళన్నీ దాంట్లో పడి తూర్పుకి పొయ్యేయి, రోడ్డేసేటప్పుడు గ్రావెల్ తోలి పూడ్చేశారు" అన్నాడు. మా ముప్పై అడుగుల రోడ్డు ఆ కాలవ మీదే ఉండాదిరా. ఆ రోడ్డు చూసే కదా నేను మురిసిపోయి అడ్వాన్స్ ఇచ్చింది. లేఅవుట్ వేసినాయన్ని అడిగితే ప్లాట్లన్నీ అమ్మేశాం ఇంక మాకేం సంబంధం అన్నాడు, అప్పటికి ఆయన ఇంకో చోట వెంచర్ మొదలుపెట్టుండాడు. పంచాయతీలో అర్జీ ఇచ్చాం, తిరిగాం, ఆ తిరుగుడంతా రాస్తే తెల్లారిపోద్ది.

చివరికి మేమే చేసుకున్నాం. 2022 ఎండాకాలంలో ఇంటికింత అని వేసుకొని, జేసీబీ పెట్టి, పెద్దాయన చూపించిన జాడలోనే తవ్వించి, రోడ్డు కింద సిమెంటు తూములు వేయించాం. తవ్వుతుంటే పాత కాలవ రాళ్ళు బయటపడ్డాయి. పెద్దాయన ఒక రాయిని చేత్తో తడిమి, "మా నాయన వేసిన రాయి ఇది" అన్నాడు. ఆయన ముఖం చూసి ఎవ్వరం మాట్లాడలా. ఆయనకి ఆ నేలలో ఇప్పుడు అడుగు కూడా లేదు. అయినా మూడు రోజులు ఎండలో నిలబడి, ఎంత లోతు తియ్యాలో ఎటు వాలు ఉండాలో చెప్పిపోయాడు. రూపాయి తీసుకోలా.

2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను వచ్చింది కదా, తీరం దాటింది బాపట్ల కాడైనా వాన మాత్రం మా మీద ఆగకుండా కురిసింది. ఆ రెండు రాత్రులు ఎవ్వరం నిద్రపోలా, టార్చిలేసుకొని తూముల కాడే కూర్చున్నాం, చెత్తా చెదారం అడ్డంపడితే కర్రతో తీస్తా. వీధిలో నీళ్ళు చీలమండ దాటలా. వాన తగ్గిన మధ్యాహ్నానికి రోడ్డు కనపడింది. పక్కింటి వింజమూ... కాదు, ఎదురింటి వింజమూరాయన రోడ్డు మీద నిలబడి ఏడ్చేశాడురా.

ఇప్పుడు నీ ప్లాటు. వెనక వరసలో నువ్వు చెప్పే ఆ ముప్పై అంకణాలు ఎక్కడుండాయో నిన్న సాయంత్రం పెద్దాయన్ని బండి మీద తీసకపొయ్యి చూపించా. ఆ కయ్య అన్నిటికన్నా పల్లం అంట, అన్ని కయ్యల నీళ్ళూ అందులోకే దిగేవంట, వరి కూడా రెండేళ్ళకోసారి మునిగేదంట. నువ్వు మూడడుగులు మట్టి తోలించి కట్టుకోవచ్చు, చాలామంది అదే చేస్తుండారు. కానీ నువ్వు లేపితే ఆ నీళ్ళు పక్కోడి ఇంట్లోకి పోతాయి, వాడు ఇంకో అడుగు లేపితే మళ్ళీ నీ మీదకే. అట్టా ఒకరి మీద ఒకరు లేపుకుంటా పోతే ఆ కాలవకి పట్టిన గతే మనుషులకీ పడతాది. అందుకని ఆ ప్లాటు వద్దురా. నువ్వు నా వీధిలోకి రావాలని నాకెంత ఉందో నీకు తెలుసు, తెలిసీ వద్దంటుండా.

ముందు వరసలో మూలది ఒకటుంది, చెన్నైలో ఉంటారు ఓనర్లు, అమ్ముతారేమో కనుక్కుంటా. అది కూడా నేను చెప్పానని కొనబాక. సర్వే నంబర్ పంపిస్తా, గ్రామం మ్యాపూ, సర్వే కొలతల పటం ఎఫ్ఎంబీ తీయించి కాలవలు, డొంకలు ఎటు పోతుండాయో చూడు, నుడా (నెల్లూరు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) అప్రూవల్ నంబర్ ఉన్నంత మాత్రాన నీళ్ళు ఆగవని నేను నేర్చుకున్నా. పార్కుకని వదిలిన పది శాతం స్థలం ఇప్పటికీ ఖాళీగా ఉందో ఎవరన్నా గోడ కట్టారో చూడు. బోరు నీళ్ళు నోట్లో పోసుకొని చూడు. ఇవన్నీ ఎండాకాలంలో ఏసీ కారులో వచ్చి చూస్తే తెలియవు, బ్రోకర్లు మే నెలలోనే ఎందుకు చూపిస్తారనుకున్నావ్? నవంబర్‌లో వాయుగుండం పట్టినప్పుడు రా. గొడుగేసుకొని వీధులన్నీ తిప్పుతా.

ఇంకో మాట, మా ఆవిడ చెప్పమంది. 2018 రొట్టెల పండక్కి తను బారాషహీద్ దర్గా కాడ స్వర్ణాల చెరువులో సొంతింటి రొట్టె పట్టుకుంది, కోరిక తీరినోళ్ళు ఇచ్చే రొట్టె తీసుకొని, మన కోరిక తీరినాక మనం ఇంకొకరికి ఇవ్వాలి, నీకు తెలుసు కదా. ఇల్లయినాక తిరిగి ఇద్దామంటే కరోనా వల్ల ఆలస్యమయ్యి 2022లో ఇచ్చాం, నడుం లోతు నీళ్ళలో నిలబడి ఎవరో కర్నూలు అమ్మాయి చేతిలో పెట్టింది. "వచ్చే మొహర్రంకి వదిన్ని పంపు అన్నయ్యా, ఇంటి రొట్టె నేనే దగ్గరుండి ఇప్పిస్తా" అంటుంది. కాబట్టి రెండు ప్రయాణాలు పెట్టుకో, ఒకటి వానకి, ఒకటి రొట్టెకి.

రాత్రి సింహపురి రైలెక్కితే పొద్దున్నే దిగుతావు. స్టేషన్ బయట ఎవరి ఆటో ఎక్కబాక, నేనే బండేసుకొస్తా. పాత చెప్పులు వేసుకొని రా, ఆ చివరి వరస కాడ బురద ఎక్కువ.

నీ బావ