ఘాటీలో టీవీ ఊడిపడిన సంగతి

నేను అద్దెకి తిప్పే, లోపల పరుపూ టేబులూ ఉన్న మన ట్రైలర్లో టీవీ ఊడిపడిందని ఇప్పటికే సగం విజయనగరానికి తెలిసిపోయింది. మిగతా సగానికి ఇంకోలా తెలిసినట్టుంది. నిన్న ఒకాయన ఫోన్ చేసి "ట్రైలరే లోయలో పడిందటగా" అని పరామర్శించారు. పడలేదండీ. పడింది 24 అంగుళాల టీవీ ఒక్కటే. ఏటేటా నా దగ్గరే బండి తీసుకునేవాళ్లు ఈ మాట ఊళ్లోవాళ్ల నోట వినడం నాకిష్టం లేదు, అందుకే రాస్తున్నాను.

పోయిన శనివారం ఒక కుటుంబాన్ని అరకు తీసుకెళ్లాను. వాళ్లంతా బొలేరోలో, వెనక ట్రైలరు. ఎస్.కోట దాటి ఘాటీ ఎక్కాక ఏ మలుపులో జరిగిందో తెలీదు, చప్పుడు కూడా వినబడలేదు. గాలికొండ దగ్గర ఆగి తలుపు తీస్తే టీవీ పరుపు మీద బోర్లా పడి ఉంది. దాని వీపుకి బ్రాకెట్టు, ఆ బ్రాకెట్టుకి అరచేయంత ప్లైవుడ్ ముక్క. గోడలో కన్నం. అందులోంచి రాలిన థర్మోకోల్ పూసలు దుప్పటి నిండా మరమరాల్లా ఉన్నాయి. టీవీ తిప్పి చూస్తే తెర ఒక మూల నుంచి అడ్డంగా పగిలింది.

లోపల ఎవరూ లేరు. బండి నడుస్తున్నప్పుడు ట్రైలర్లో ఎవరినీ కూర్చోనివ్వనని నన్ను విసుక్కున్నవాళ్లు చాలామందే ఉన్నారు. "పిల్లలు కాసేపు పడుకుంటారు, ఏటవుద్దండీ?" అనేవారు. ఇదిగో, ఇదవుద్ది.

ఒకరోజు అద్దె వెనక్కిచ్చేశాను. వద్దన్నారు, అయినా ఇచ్చాను. వాళ్లలో పెద్దావిడ మాత్రం "అరకు ఎక్కడికీ పోదు బాబూ, సీరియల్ పోతాది" అని రెండు రోజులూ నాతో సరిగా మాట్లాడలేదు.

ఇక బ్రాకెట్టు సంగతి. విశాఖలో ఒక షాపుకి నేను ఆర్డరిచ్చింది బండ్లలో వాడే రకం. చెయ్యిలా ముందుకు చాపుకోవచ్చు, మడిచాక పిన్ను గుచ్చితే కదలదు. వచ్చింది ఇళ్లలో వాడే రకం. పిన్ను లేదు. పైగా ఇటుక గోడకి కన్నం పెట్టి దిగ్గొట్టే ప్లాస్టిక్ గట్టాలు డబ్బాలో వేసి పంపారు. ఫోన్ చేస్తే "రెండూ ఒకటేనండీ, మీదీ గోడే కదా" అన్నాడు.

మా గోడ గోడ కాదు. బయట పల్చటి అల్యూమినియం రేకు, లోపల నాలుగు మిల్లీమీటర్ల ప్లైవుడ్, మధ్యలో థర్మోకోల్. బలమంతా రెండేసి అడుగులకి ఒకటి చొప్పున నిలబెట్టిన ఇనప పైపుల్లోనే ఉంటుంది. స్క్రూ పైపులో దిగితే ఆగుతుంది, ప్లైవుడ్‌లో దిగితే ఆగినట్టు నటిస్తుంది. ఈ సంగతి ఆ షాపువాడికి తెలియకపోవచ్చు. నాకు తెలుసు. తెలిసీ, తెల్లారితే బుకింగ్ ఉందని, చేతికొచ్చింది బిగించేశాను. పిన్నుకి బదులు తాడు కట్టాను. ప్రతి కుదుపుకీ చెయ్యి కాస్త ఊగింది, తాడు కాస్త వదులైంది, స్క్రూ కన్నాలు కాస్త పెద్దవయ్యాయి. తప్పులో సగం నాది, ఒప్పుకుంటున్నాను. మిగతా సగం మాత్రం నేను మొయ్యను.

ఎందుకంటే తర్వాత ఫోన్ చేస్తే "ఇంటి గోడకైతే ఆగేదండీ, అసలు ఫిట్టింగ్ ఎవరు చేశారు?" అని అడిగాడు. ఈ ట్రైలర్లో ప్రతి పైపూ నేను దగ్గరుండి వెల్డింగ్ చేయించినది. ఆ మాట నాకు రెండు రోజులు అన్నం సహించనివ్వలేదు. ఇంకో బ్రాకెట్టు ఉచితంగా పంపుతానన్నాడు. వద్దన్నాను. తీసుకుని పక్కన పడేస్తే ఏం పోయిందని మా ఆవిడ ఇప్పటికీ అంటూనే ఉంది. తీసుకోను.

అసలు టెన్షన్ ఇది కాదు. చెయ్యి ఉన్న బ్రాకెట్టే మళ్లీ పెట్టాలా, మానెయ్యాలా అని మూడు రాత్రులు ఆలోచించాను. మీలో చాలామందికి అదే ఇష్టమని తెలుసు. భోజనాల దగ్గర ఇటు, పడుకున్నాక అటు తిప్పుకోవచ్చు. ట్రైలర్ చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ ముందు అదే లాగి చూపించేవాణ్ణి. కానీ నిండు బిందె చంకన పెట్టుకుంటే ఊరి చివరి దాకా నడుస్తాం, అదే బిందె చెయ్యి చాచి పట్టుకుంటే పది అడుగులు వెయ్యలేం. నాలుగు కిలోల టీవీ అడుగున్నర చెయ్యి చివర వేలాడితే గోడ పడే బాధా అంతే. పైగా ఘాటీలో ఆ బిందెని ఎవరో కుదుపుతూనే ఉంటారు. మడిచి పిన్ను పెట్టొచ్చు, నిజమే. ఏదో ఒకరోజు ఎవరో ఒకరు పిన్ను పెట్టడం మర్చిపోతారు. ఆ ఒకరు నేనే కావచ్చు.

చెయ్యి తీసేశాను.

ఇప్పుడు లోపలి ప్లైవుడ్ విప్పి, రెండు పైపుల్నీ కలుపుతూ 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకని బోల్టులతో బిగించాను. దానిమీద మన ఊళ్లోనే చేయించిన ఇనప ప్లేటు. నట్లన్నీ లోపల నైలాన్ రింగు ఉన్నవే, అదురుకి వదులుకావు. టీవీ వెనక స్క్రూలు కూడా డబ్బాలో వచ్చినవి కాకుండా, సరైన పొడవువి కొన్నాను. కొత్త టీవీ కూడా బ్యాటరీ 12 వోల్టుల మీదే నడుస్తుంది, ఇన్వర్టర్ గోల లేదు. బండి చార్జింగ్ చేసేటప్పుడు వోల్టేజీ 14 దాటుతుంది కాబట్టి మధ్యలో చిన్న స్టెబిలైజర్ పెట్టాను. డిష్ పాతదే. దక్షిణానికి, కాస్త తూర్పు వైపుగా ఆకాశం కనబడే చోట ట్రైలర్ ఆపితే చాలు, చెట్టు కింద ఆపి సిగ్నల్ లేదనకండి.

ఖాళీ ట్రైలర్‌తో ఘాటీ రెండుసార్లు ఎక్కి దిగి వచ్చాను. నట్లు తిరిగితే తెలియాలని వాటి మీద గీసిన పెయింటు గీత వెంట్రుకంత కూడా జరగలేదు.

అద్దె పెంచలేదు. పైడితల్లమ్మ సిరిమాను జాతరకి బుక్ చేసుకున్నవాళ్ల తేదీలు అలాగే ఉన్నాయి. అరకు ట్రిప్పులు వచ్చే వారం నుంచి మళ్లీ మొదలు. టేబుల్ దగ్గర ఎడమవైపు కూర్చునేవాళ్లు మాత్రం మెడ కాస్త తిప్పి చూడాలి. టీవీకి అడ్డంగా నల్లటి బెల్టు కట్టి ఉంటుంది. బండి పూర్తిగా ఆగాక నేనే వచ్చి విప్పుతాను, మీరు ముట్టుకోకండి.