తెర మీద పిల్లల రాత కూడా కనబడాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

గోదావరి పాయల మధ్య ఉన్న మా లంక గ్రామంలోని ప్రాథమిక పాఠశాలకి స్మార్ట్ టీవీ వచ్చింది. పాఠం వీడియో పెడతారు, పిల్లలు చూస్తారు, కట్టేస్తారు. టెక్స్ట్‌బుక్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్ష అనే ప్రభుత్వ యాప్‌లో పాఠం వస్తుంది, అదీ మంచిదే. కానీ ఐదేళ్లు ఆ తెర ముందు కూర్చున్న పిల్లాడు తను రాసిన ఒక్క మాట కూడా దాని మీద చూసుకోకుండానే హైస్కూలుకి వెళ్లిపోతున్నాడు. నా బాధ అదే.

నేను ప్రాథమిక బడిలో టీచరుగా (ఎస్‌జీటీ) చేసి రిటైరయ్యాను. కిందటేడు హెడ్‌మాస్టర్ గారి అనుమతితో వారానికి రెండు రోజులు బడికి వెళ్లి, నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో నెట్‌లో ఒక పేజీ పెట్టించాను. దానికి పాస్‌వర్డ్ ఉంది. మేమూ, రంపచోడవరం వైపు ఏజెన్సీలో ఉన్న ఇంకో బడి పిల్లలూ తప్ప ఎవరూ చూడలేరు.

మొదటి రోజు ఒక పాప "మా నాన్న దింపుకెళ్తాడు" అని నా ఫోన్‌లో టైపు చేసింది. అంతే, మూడు మాటలు. మర్నాడు అటునుంచి ప్రశ్న వచ్చింది, "దింపు అంటే ఏంటి?" అని. దింపు తెలియని వాళ్లు కూడా ఉంటారని ఆ పాపకి అప్పటిదాకా తెలియదు. సాయంత్రం వాళ్ల నాన్న పక్కన కూర్చుని కొబ్బరి చెట్టు ఎలా ఎక్కుతాడో, కాయ ముదిరిందని ఎలా గుర్తుపడతాడో, ఎన్నాళ్లకోసారి దింపుతారో కనుక్కుని పదకొండు లైన్లు రాసుకొచ్చింది. "కొబరి" అని పడితే, బ కింద వత్తు ఎలా పెట్టాలని తనే అడిగి దిద్దుకుంది. నేను సర్వీసంతా ఎర్ర సిరాతో దిద్దాను. తప్పు ఇంత పట్టుదలగా సరిచేసుకున్న పిల్లల్ని తక్కువ మందినే చూశాను. చదివేవాళ్లు ఉన్నారంటే పిల్లల చెయ్యి మారిపోతుంది.

తర్వాత వరదల గురించి రాశారు. 1986లో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 35 లక్షల క్యూసెక్కులు దాటిందని పెద్దవాళ్లం చెప్పుకుంటాం. పిల్లలు తాతల్నీ అమ్మమ్మల్నీ అడిగి, గేదెల్ని ఏటిగట్టు మీదికి తోలుకుపోయి అక్కడే వండుకు తిన్న సంగతులు తెచ్చారు. 2022 జులై వరద మరక ఇంకా కొన్ని ఇళ్ల గోడల మీద ఉంది. టేపు పట్టుకెళ్లి ఏ ఇంట్లో ఎన్ని అడుగులొచ్చిందో కొలిచి పట్టిక వేశారు. లెక్కల క్లాసని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

కష్టాలూ ఉన్నాయి. లంకలో సిగ్నల్ సరిగా ఉండదు. కాగితం మీద రాయించి ఫొటో తీసుకుని, గట్టు మీదికెళ్లి పంపిన రోజులున్నాయి. టీచర్ల ఫోన్లకి హాజరు యాప్, భోజనం యాప్ తోనే సరిపోతోంది. ఇంకో పని నెత్తిన పెడితే ఎవరికైనా టెన్షనే. కాబట్టి ఇది చేయించాలంటే ముందు ఆ యాప్‌ల పని తగ్గించాలి.

పిల్లల భద్రత విషయంలో మాత్రం రాజీ ఉండకూడదు. ఫొటోలు, ఇంటిపేర్లు, ఊళ్లో ఇల్లు ఎక్కడో తెలిసే వివరాలు పెట్టకూడదు. 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023 నాటి డిజిటల్ డేటా రక్షణ చట్టం చెబుతోంది. మేము తల్లుల్ని బడికి పిలిచి పేజీ చూపించాకే మొదలుపెట్టాం. చదువు రాని తల్లులు కూడా కూతురి చేత చదివించుకుని విన్నారు.

జిల్లా విద్యాశాఖ వారిని నేను కోరేది పెద్ద ఖర్చు కాదు. ఉన్న టీవీకే తగిలించే కీబోర్డు ఒకటి, నిలకడైన నెట్, తెలుగు టైపింగ్ మీద, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక పూట శిక్షణ. వచ్చే జూన్‌లో బడులు తెరిచేటప్పుడు పది బడుల్లోనైనా మొదలుపెట్టండి. చుట్టుపక్కల బడులకి టైపింగ్ నేర్పడానికి పిలిస్తే నేను వస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
కోనసీమ