ఔత్సాహిక డ్రాగ్ రేసర్ల సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పనంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. జీతం మీద బతికే మనిషి సొంత బండిని ఇంకా ఎన్నాళ్లు స్ట్రిప్ మీదికి, అంటే రెండేసి బండ్లు పక్కపక్కన నిలబడి తిన్నగా పరుగుతీసే డ్రాగ్ ట్రాక్ మీదికి, తేగలడు? సీజన్ మొదట్లో పేరు నమోదు చేయించుకున్నవాళ్లలో చాలామంది సగంలోనే ఆగిపోయారు. ఫోన్ చేసి అడిగితే, ఆట మీద మోజు తీరిందని ఒక్కరూ అనలేదు. పని గంటలు తగ్గించారని ఒకరు, ఇంటి వాయిదా పెరిగిందని ఇంకొకరు చెప్పారు. ఇంజను విప్పి షెడ్డులో పెట్టాను, పిస్టన్లకు డబ్బు సమకూరాక బిగిస్తానని మరొకరు అన్నారు. కొందరు బండ్లే అమ్మేసుకున్నారు.

ఖర్చు ఎక్కడెక్కడ పెరిగిందో మీకు తెలియనిది కాదు. రేసు పెట్రోలు, గాళ్లు లేని నున్నటి వెనక టైర్లు (స్లిక్కులు), ట్రెయిలర్ లాగే బండికి డీజిలు అన్నీ పెరిగాయి. మెథనాల్‌కు మారితే చవక పడుతుందనుకున్నవాళ్లకు, అదే పరుగుకు అది పెట్రోలు కంటే దాదాపు రెట్టింపు పరిమాణంలో కాలుతుందని త్వరలోనే తెలిసొచ్చింది. వీటికి తోడు గడువు తీరిపోయే సరంజామా ఒకటి. రేసు సరంజామాకు భద్రతా ప్రమాణాలు పెట్టే ఎస్ఎఫ్ఐ సంస్థ 16.1 ముద్ర ఉన్న సీటు బెల్టులు తయారైన తేదీ నుంచి 2 సంవత్సరాలే చెల్లుతాయి. హెల్మెట్లను పరీక్షించే స్నెల్ ఫౌండేషన్ వాటికి 5 ఏళ్లకోసారి కొత్త ప్రమాణం తెస్తుంది, పాతవి కొన్నాళ్లకు పక్కన పెట్టాల్సిందే.

ఈ గడువుల్ని చూసీచూడనట్టు వదిలేయమని కొందరు సభ్యులు ఉత్తరాలు రాశారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. ఇకముందూ ఒప్పుకోకూడదని నా గట్టి అభిప్రాయం. 2008లో పోటీ మైదానంలో రేసరు స్కాట్ కలిట్టా దుర్మరణం తర్వాత, అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అత్యంత వేగవంతమైన టాప్ ఫ్యూయల్, ఫన్నీ కార్ తరగతుల పరుగును 1,320 అడుగుల నుంచి 1,000 అడుగులకు కుదించింది. మనం కూడా దూరమే తగ్గించుకుందామని నిర్ణయించాం.

అలా పుట్టిందే మన ఎనిమిదో వంతు మైలు పోటీ. ఈ సంవత్సరం దేన్నైనా గర్వంగా చెప్పుకోవాలంటే దాన్నే చెప్పుకోవాలి. 660 అడుగులు, అంటే 201 మీటర్లు. ఇంజను ఎక్కువసేపు పూర్తి ఒత్తిడిలో ఉండదు, గీత దాటేటప్పటి వేగం తక్కువ, బ్రేకులకూ విశ్రాంతి. పోటీ అంతా డయల్-ఇన్ పద్ధతిలోనే, బండి కదిలే క్షణాన్ని సరిచేసే ఎలక్ట్రానిక్ పరికరాలు (డిలే బాక్సులు) లేకుండా పెట్టాం. కొత్త సభ్యుల కోసం ఒక్క మాట: తన బండి ఎంత సమయంలో గీత దాటుతుందో ఎవరికి వాళ్లే ముందుగా అద్దం మీద రాసుకుంటారు, నెమ్మది బండికి పచ్చ దీపం ముందు వెలుగుతుంది, రాసిన సమయం కంటే త్వరగా గీత దాటితే బ్రేకౌట్ కింద ఓడిపోతారు. అందుకే ఇక్కడ డబ్బు పోసి గెలుపు కొనలేరు. నిలకడ, దీపం మీద చూపు ఉండాలి.

ఫైనల్‌లో మన సభ్యురాలు ఇంటి అవసరాలకు వాడే వ్యానుతో నిలబడ్డారు. పక్క లేనులో ట్రెయిలర్ మీద వచ్చిన పెద్ద ఇంజను బండి. వ్యాను ముందు కదిలింది, సగం దూరం పోయేదాకా రెండోది ఇంకా స్టార్టు గీత దగ్గరే ఉంది. వెంబడించి గీత ముందు దాటింది కూడా. కానీ బ్రేకౌట్! బోర్డు మీద గెలుపు దీపం వ్యాను వైపు వెలగగానే జనం కంచె దాకా ఎగబడ్డారు. మొదటి రౌండులో ఓడినవాళ్లకు ఉచితంగా రెండో అవకాశం ఇచ్చాం. అందుకోసం పెద్ద బహుమతిని తగ్గించడం కొందరికి నచ్చలేదు, కానీ ఆ రోజు లేన్లు నిండాయి.

తెల్లవారకముందే ట్రాక్‌కు జిగురు పట్టించి టైరుతో రుద్దినవాళ్లకు, టైమింగ్ గదిలో రోజంతా కదలకుండా కూర్చున్నవాళ్లకు, బండి బండికీ బెల్టు తేదీ చూసిన తనిఖీ బృందానికి, అంబులెన్సు, అగ్నిమాపక సిబ్బందికి, వాడిన స్లిక్కులు కుర్రాళ్లకు ఊరికే ఇచ్చిన పెద్దలకు, తన లేత్ మీద రాత్రిళ్లు పని చేసుకోనిచ్చిన మిత్రుడికి, వారాంతాలన్నీ మనకు వదులుకున్న కుటుంబాలకు సంఘం రుణపడి ఉంది.

ఇది రాయకుండా ఉండలేను. స్వచ్ఛందంగా పనిచేస్తామని జాబితాలో పేర్లు రాసినవాళ్లలో సగం మందికి పైగా పోటీ రోజున కనబడలేదు. బండ్లు తమ వంతు కోసం వరసలో నిలిచే స్టేజింగ్ లేన్ల దగ్గర, తిరుగు దారిలో ప్రతిసారీ అవే ముఖాలు. పరుగులు మొదలుపెట్టించే స్టార్టరుగా నిలబడిన సభ్యుడు తన బండి తెచ్చి కూడా ఒక్క పరుగైనా తీయలేకపోయాడు. ఇది న్యాయం కాదు. ఇక శబ్దం అనుమతి కోసం సంబంధిత కార్యాలయానికి నెలల ముందే అర్జీ పెట్టాం. ఎన్నిసార్లు తిరిగినా బదులు లేదు. పోటీ ముందురోజు సాయంత్రం కాగితం చేతికిచ్చారు. అప్పటికే బీమా కట్టేశాం, ఆగితే ఆ డబ్బంతా పోయేది.

జమాఖర్చుల పట్టిక జతచేశాం. బీమా, ట్రాక్ అద్దె, అంబులెన్సు పోగా మిగిలింది స్వల్పం, అప్పు లేదు. వివరాలు కోశాధికారి చెబుతారు.

వచ్చే సీజన్‌కు ఎంట్రీ ఫీజు పెంచవద్దని, బెల్టులు అందరికీ కలిపి టోకున కొనాలని, ట్రెయిలర్లు పంచుకునే జాబితా తయారు చేయాలని కార్యవర్గం సిఫారసు చేస్తోంది. బండి దించే ప్రతి సభ్యుడూ సీజన్‌లో ఒక పూటైనా స్ట్రిప్ పని చేయాలి, లేదా తన తరఫున ఒక మనిషిని పంపాలి. చేయనివారి ఎంట్రీ తీసుకోకూడదు. ఈ చివరి అంశాన్ని తీర్మానంగా సభ ముందు పెడుతున్నాను, చేతులెత్తి ఓటు వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి