మంత్రిగారూ, మాకూ ఒక పాస్ ఇప్పించండి

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ముప్పై ఒక్క ఏళ్లు సిటీ బస్సులో టికెట్లు కొట్టి రిటైరైన కండక్టర్ని. రామంతాపూర్‌లో ఉంటాను. వయసు 64. నాలుగేళ్లుగా పదిహేను రోజులకోసారి రెండు బ్యాగుల రక్తం ఎక్కించుకుంటేనే మనిషిలా తిరుగుతున్నాను.

జబ్బు పేరు మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్. డాక్టర్లు ఎండీఎస్ అంటారు. మా ఇంటావిడ చుట్టాలకు ‘మూలుగ రోగం’ అని చెబుతుంది, నాకైతే అదే సరిగ్గా అనిపిస్తుంది. రక్తకణాలు తయారయ్యేది ఎముకల్లోని మూలుగలో. నా మూలుగ వాటిని మొదలుపెడుతుంది గానీ, సగం తయారయ్యేసరికే చాలావరకు చచ్చిపోతాయి. మొదట్లో రక్తం పెరగడానికి ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఎనిమిది నెలలు పనిచేసి ఆగిపోయాయి. పూర్తిగా నయం కావాలంటే మూలుగ మార్పిడి ఒక్కటే దారి, నా వయసుకీ నా గుండెకీ అది వద్దన్నారు. ఇక మిగిలింది ఎవరో ఇచ్చే రక్తం.

హెచ్‌బీ, అంటే హిమోగ్లోబిన్, ఏడుకి దిగిందంటే నాకు రిపోర్టుతో పని లేదు. రాత్రి దిండు మీద తల పెడితే గుండె చెవిలోనే కొట్టుకుంటుంది, డిపోలో ఇంజన్ ఆపకుండా వదిలేసిన బండిలాగా. మా ఇంటికి పద్దెనిమిది మెట్లు. హెచ్‌బీ తొమ్మిది ఉంటే ఆగకుండా ఎక్కుతాను. ఏడు ఉంటే తొమ్మిదో మెట్టు మీద కూర్చుంటాను. అక్కడ మా ఆవిడ ఒక పాత దిండు వేసి ఉంచింది. పైవాటా పిల్లలు దాన్ని ‘తాత సీటు’ అంటారు.

ఎక్కించుకునే రోజు పొద్దున ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి. రక్తపరీక్ష, ఆ బ్యాగు రక్తం నాకు కుదురుతుందో లేదో చూసే క్రాస్ మ్యాచ్, బ్యాగు వచ్చేసరికి పన్నెండు. నా చేతుల్లో నరాలు ఇప్పుడు దొరకవు. సిస్టరమ్మ మోచేతి దగ్గర తట్టి, మణికట్టు దగ్గర తట్టి, చివరికి బొటనవేలి పక్కన సన్నది ఒకటి పట్టుకుంటుంది. ఇద్దరు సిస్టర్లు బ్యాగు మీది నంబరు, గ్రూపు, ఎక్స్‌పైరీ పైకి చదివి నా పేరుతో సరిచూసుకుంటారు. మొదటి పావుగంట చుక్కలు మెల్లగా. ‘చలి పెడుతోందా, నడుం నొప్పా’ అని అడుగుతూనే ఉంటారు. ఫ్రిజ్‌లోంచి తీసిన బ్యాగు నాలుగు గంటల్లో అయిపోవాలి. రెండో బ్యాగు సగానికి వచ్చేసరికి నాకు ఆకలి మొదలవుతుంది. ఆ ఆకలి కోసమే ఇదంతా అనిపిస్తుంది ఒక్కోసారి.

ఇక్కడిదాకా నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. ఫిర్యాదంతా బ్లడ్ బ్యాంకు కౌంటర్ దగ్గరే.

“డోనర్ ఏడీ?” ఏ కౌంటర్‌కి పోయినా మొదటి మాట అదే. రెండు బ్యాగులు కావాలంటే ఇద్దరిని తెచ్చుకోవాలి. యాక్సిడెంట్ అయినవాళ్లకో, ఆపరేషన్ వాళ్లకో ఒకసారి అడిగితే అన్నో తమ్ముడో వచ్చి ఇస్తారు. నా లెక్క అది కాదు. ఏడాదికి 52 బ్యాగులు. మగవాళ్లు ఒకసారి రక్తం ఇస్తే మళ్లీ 90 రోజుల దాకా ఇవ్వకూడదు, అంటే ఒక్కొక్కరు ఏడాదికి నాలుగుసార్లు. ఏ ఒక్కరూ జ్వరం తెచ్చుకోకుండా, ఊరికి పోకుండా, ఒక్కసారీ తప్పకుండా ఇచ్చినా నాకొక్కడికి పదముగ్గురు కావాలి. మొదటి ఏడాది మా డిపో వాళ్లే ఆదుకున్నారు. కానీ 65 దాటితే రక్తం తీసుకోరు కదండీ. నా తోటి వాళ్లంతా ఆ గీత దగ్గరికి వచ్చేశారు. మిగిలినవాళ్లలో సగం మంది షుగరని, గుండె అని వెనక్కి వస్తున్నారు.

పోయిన మేలో జరిగింది చెబుతాను. కాలేజీలకు సెలవులు, క్యాంపులు లేవు. నాది ఓ పాజిటివ్, అరుదైన గ్రూపేమీ కాదు. అయినా డోనర్ లేనిదే ఇచ్చేది లేదన్నారు. హెచ్‌బీ 5.9. మా అబ్బాయి అంతకు ముందు నెలే ఇచ్చాడు. నన్ను ఆటోలో తెచ్చిన కుర్రాడు కౌంటర్ దగ్గర ఈ మాటలన్నీ విని, “నాది గుడ ఓ పాజిటివే అంకుల్, నేనిస్త” అని లోపలికి పోయాడు. పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. నాలుగు నెలల కింద చేతి మీద కొడుకు పేరు పచ్చబొట్టు వేయించుకున్నాడట, ఏడాది దాకా వద్దన్నారట. వాడు నాకు సారీ చెప్పాడు. నేను ఏం చెప్పాలో తెలియక చార్జీ కంటే యాభై ఎక్కువ ఇచ్చాను, తీసుకోలేదు.

గేటు బయట టీ బండి దగ్గర ఇంకొకడు వచ్చి చెవిలో చెప్పాడు. ఒక్కో డోనర్‌కి రెండు వేలట. సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి 1 నుంచి డబ్బుకి రక్తం అమ్ముకునేవాళ్లను దేశమంతా నిషేధించిన సంగతి నాకు తెలుసు. ఆ రోజు నేను వాడికి డబ్బులిచ్చానో లేదో ఈ లేఖలో రాయను. ‘డోనర్ ఏడీ’ అన్న మాట కౌంటర్ లోపల వినిపిస్తున్నంత కాలం వాడు ఆ టీ బండి దగ్గరే ఉంటాడు. ఇలా బదులు రక్తం అడిగే పద్ధతిని క్రమంగా ఎత్తేయాలని 2002 నాటి జాతీయ రక్త విధానంలోనే ఉంది.

సర్వీసులో నేనెప్పుడూ చిల్లర లేదని ముసలాయన్ని బస్సు దింపలేదు. చిల్లర తెచ్చుకోవడం ప్రయాణికుడి పనే అనుకోండి, కానీ రోజూ అదే బస్సెక్కేవాడికి పాస్ ఇస్తాం. ఒకసారి చూస్తాం, తర్వాత టికెట్ అడగం. మేం అడిగేది అలాంటి పాసే.

ఈ పాస్ కొందరికి ఉంది, సంతోషం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మూడు రక్త వ్యాధుల పేర్లున్నాయి: తలసేమియా, హీమోఫిలియా, సికిల్ సెల్. తలసేమియా పిల్లల తల్లిదండ్రులు కొట్లాడి సాధించుకున్నారు. మన రాజేంద్రనగర్ దగ్గరి తలసేమియా, సికిల్ సెల్ సొసైటీని 1998లో పెట్టుకున్నదీ ఆ తల్లిదండ్రులే. వాళ్లను చూసి నేర్చుకోవాల్సింది ఎంతో ఉంది. మా ఎండీఎస్ వాళ్లకు, మూలుగ రక్తకణాలను సరిపడా తయారుచేయని అప్లాస్టిక్ అనీమియా వాళ్లకు అలా తిరిగే ఓపిక లేదు. మాలో ఎక్కువ మంది ముసలివాళ్లం, తొమ్మిదో మెట్టు మీద కూర్చునేవాళ్లం. కౌంటర్‌లో “తలసేమియా కార్డుందా?” అంటారు. లేదంటే, “అయితే బిల్లు కట్టండి.” రక్తం అమ్మే వస్తువు కాదు, ప్రాసెసింగ్ చార్జీ మాత్రమే తీసుకోవాలని 2024 జనవరిలో డ్రగ్స్ కంట్రోలర్ కార్యాలయం మళ్లీ గుర్తుచేసింది. ఎర్రకణాల బ్యాగుకి ఆ చార్జీ గరిష్ఠంగా 1,550 రూపాయలు. నా 52 బ్యాగులకు లెక్కేస్తే 80,600. కండక్టర్‌గా రిటైరైనవాడికి ఈపీఎస్ పెన్షన్ ఎంతొస్తుందో మీకు చెప్పాల్సిన పని లేదు.

రక్తంతో పాటు ఇంకొకటి ఒంట్లో చేరుతుంది, ఇనుము. ఒక్కో బ్యాగులో 200 నుంచి 250 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒళ్లంతా కలిపి ఉండేది మూడు, నాలుగు గ్రాములు. నాకు ఒక్క ఏడాదిలోనే పది గ్రాములు దాటుతోంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు, రోజుకి ఒకటి రెండు మిల్లీగ్రాములు పోతే గొప్ప. మిగతాదంతా కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది. ఒంట్లో ఇనుము ఎంత నిల్వ ఉందో చెప్పే ఫెరిటిన్ వెయ్యి దాటినప్పుడే డాక్టర్లు జాగ్రత్త పడతారు, నాది 3,800. ఇనుము తగ్గించే డెఫెరాసిరాక్స్ మాత్రలు రోజూ వేసుకోవాలి, కిడ్నీ పరీక్షలు మానకూడదు. తలసేమియా పిల్లలకు ఈ మాత్రలు ఉచితంగా ఇచ్చే కేంద్రాలున్నాయి. నేను మందుల షాపులో కొంటున్నాను. నెలాఖర్లో రోజు విడిచి రోజు వేసుకుంటున్నానని మా డాక్టరు గారికి ఇంతవరకు చెప్పలేదు. ఈ లేఖ చదివితే తిడతారు.

ఆరోగ్యశ్రీ పది లక్షలకు పెంచారు, మంచిదే. కానీ మాది ఒకసారి పడుకుని లేచిపోయే జబ్బు కాదు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లే రోజులు ఏడాదికి ఇరవై ఆరు. మీ అధికారులు ఆ ఇరవై ఆరు రోజుల్ని లెక్కలోకి తీసుకోవాలి.

కాబట్టి అయ్యా, డోనర్ లేకుండా, చార్జీ లేకుండా రక్తం ఇవ్వాల్సినవాళ్ల జాబితాలో ‘ఎండీఎస్, అప్లాస్టిక్ అనీమియా, మాటిమాటికీ రక్తం కావాల్సిన ఇతర మూలుగ వ్యాధులు’ అని స్పష్టంగా పేర్లు రాసి, మాకూ ఒక కార్డు ఇచ్చేలా ఆదేశం ఇప్పించండి. ఆ కార్డు చూపిస్తే సర్కారు దగ్గరైనా ప్రైవేటు దగ్గరైనా డోనర్ని అడగకూడదు, చార్జీ తీసుకోకూడదు. ఇనుము తగ్గించే మాత్రలు కూడా దాని మీదే రావాలి. ఇంకొక్కటి, ఇది కొత్తగా జబ్బు బయటపడినవాళ్ల కోసం. మొదటి బ్యాగు ఎక్కించకముందే ఏబీఓ, ఆర్‌హెచ్‌డీ అనే మామూలు గ్రూపులతో ఆగకుండా మిగతా ఆర్‌హెచ్ రకాలు, కెల్ అనే ఇంకో గ్రూపు కూడా పరీక్షించి కార్డు మీద రాయించండి. నాకు అప్పుడు చేయలేదు. పరాయి రక్తం ఎక్కీ ఎక్కీ నా ఒంట్లో ఆ రక్తాన్ని ఎదిరించే యాంటీబాడీలు పుట్టాయి, ఇప్పుడు ఏడెనిమిది బ్యాగులు వెతికితే ఒకటి కుదురుతోంది. నాకు ఆలస్యమైపోయింది, వాళ్లకు కాలేదు.

క్యాంపుల గురించి కూడా చెప్పాలి. మన దగ్గర నాయకుల పుట్టినరోజులకు రక్తదాన శిబిరాలు పెట్టడం మంచి అలవాటే. కానీ ఒక్కరోజే వందల బ్యాగులు వస్తాయి. ఎర్రకణాలు 42 రోజులకు మించి నిలవవు, ప్లేట్‌లెట్లయితే అయిదు రోజులే. మీ పుట్టినరోజు ఏ నెలలో వచ్చినా సరే, మీ అభిమానులను క్యాంపు మాత్రం మే నెలలో పెట్టమనండి. కేకు ఎప్పుడైనా కోసుకోవచ్చు.

వచ్చే గురువారం మళ్లీ నా డ్యూటీ. ఇద్దరు కావాలి, ఇప్పటికి ఒక్కరే దొరికారు. ఆటో కుర్రాడు మొన్న ఫోన్ చేశాడు, “అంకుల్, జనవరికి నా పచ్చబొట్టుకి ఏడాదైతది, యాది పెట్టుకో” అన్నాడు. క్యాలెండర్లో రాసుకున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టర్
రామంతాపూర్, హైదరాబాద్